రిసీవరుకి నేను చుట్టిన స్పాంజి

ఆదివారం పూట ట్రాన్స్‌మిటర్ చేతపట్టి, మెడ వెనక్కి వంచి బొమ్మ విమానాలు తిప్పే కుర్రవాళ్ళకూ అమ్మాయిలకూ ఇది రాస్తున్నాను. పెద్దవాళ్ళు చదివినా నాకు అభ్యంతరం లేదు గానీ, వాళ్ళు చదివి మారేదేమీ ఉండదు. నేను మారింది యాభై ఎనిమిదో ఏట. అదీ వేలు కాలాక.

మద్రాసు జార్జి టౌన్‌లో, రెండు తోపుడు బళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిన సందులో, ఒక మేడ మీద మా వర్క్‌షాపు. రేడియోతో నడిచే బొమ్మ విమానాలు కట్టడం, పడిపోయినవి బాగుచేయడం మా పని. బొమ్మలంటే పిల్లల చేతిలో పెట్టేవి కావు. కొన్నిటి రెక్కలు మా మొదలాళి, అంటే షాపు యజమాని, ఇంట్లో భోజనాల బల్లకన్నా పొడుగు. ఇంజనీరింగ్ కాలేజీలవాళ్ళు, సరదాకి ఎగరేసేవాళ్ళు, అప్పుడప్పుడూ సినిమావాళ్ళు వచ్చేవారు. నేను అక్కడ ముప్ఫై ఏళ్ళకు పైగా సోల్డరింగూ వైరింగూ చూశాను. రెండేళ్ళ కిందట మానేశాను.

నా చదువు ఎనిమిదో తరగతి. అది కూడా లెక్కల పరీక్ష దాకానే. ఆ పరీక్ష రోజు పొద్దున నాకు జ్వరం వచ్చింది, ఇంకా తగ్గలేదు. తర్వాత అదే సందులో గాజుల హోల్‌సేల్ కొట్టులో ప్యాకింగ్ పనికి చేరాను. లారీల్లో ఊళ్ళు దాటి పోయే గాజులు. కింద గడ్డి, చుట్టూ కాగితం, మధ్యలో అట్ట. ఎక్కడా వదులు ఉండకూడదు, వేలు దూరే సందు ఉండకూడదు. నేను కట్టిన పెట్టెలో గాజు పగిలిందని ఎవరూ తిరిగి రాలేదు. అది చూసి, మేడ మీది పెద్ద మొదలాళి, ఇప్పటి మొదలాళి వాళ్ళ నాన్న, నన్ను పైకి పిలిచి సోల్డరింగ్ కడ్డీ చేతికిచ్చాడు.

విమానం కడుపులో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. దాన్ని రిసీవర్ అంటారని మీకు తెలుసు. తెలియనివాళ్ళకు చెప్తున్నాను, అది విమానం చెవి. కింద నిలబడినవాడు ట్రాన్స్‌మిటర్‌తో ఎడమకు తిరుగు, పైకి లే అని చెప్పేదంతా అదే విని రెక్కలకూ తోకకూ మోటారుకూ అందిస్తుంది. నేను చేరిన కాలంలో విమానాలకు నూనె ఇంజన్లు. అవి నడుస్తుంటే విమానమంతా మలేరియా పట్టినట్టు వణికేది. ఆ వణుకుకు రిసీవర్ లోపలి అతుకులు ఊడిపోయేవి. నేను గాజుల కొట్టు పద్ధతి పట్టుకొచ్చాను. స్పాంజి రెండు మడతలు చుట్టి, పైన టేపు వేసి, కదలకుండా కడుపులో ఇరికించేదాన్ని. అతుకులు ఊడడం ఆగిపోయింది. "ఇది అక్క చుట్టింది సార్, ఏనుగు తొక్కినా ఏమీ కాదు" అని మొదలాళి కస్టమర్లకు చూపించేవాడు. నేను కూడా ఏనుగు దొరికితే చూద్దామన్నంత నమ్మకంగా ఉండేదాన్ని.

మా విమానాలు ఎగరేసే మనిషిని అందరం పైలట్ అన్న అనేవాళ్ళం. వాషర్‌మెన్‌పేట్ మనిషి. నాలుగైదు తరాల నుంచి ఈ ఊళ్ళోనే ఉన్న తెలుగు కుటుంబం. ఒకప్పుడు హార్బర్‌లో క్రేన్ నడిపాడు. ఓడ లోపలి పెట్టెను ఎక్కడో పైన కూర్చుని, కంటి కొలతతో, లారీ మీద శబ్దం రాకుండా దించినవాడు. అది మానేశాక మా దగ్గరే ఉండిపోయాడు. విమానాన్ని నేల మీద దించితే దుమ్ము కూడా లేచేది కాదు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను ఆయన్ని ఆటపట్టించని రోజు లేదు, ఆయన పట్టించుకున్న రోజూ లేదు.

నేను చెప్పిన ఆ యాభై ఎనిమిదో ఏట చలికాలంలో, అంటే మద్రాసులో ఫ్యాను ఒక నెంబరు తగ్గించే నెలలో, అన్న కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నెల తర్వాత డాక్టరు అన్నీ చేసుకోవచ్చన్నాడు. అన్న మళ్ళీ ఎగరేయడం మొదలుపెట్టాడు. అంతకు కొద్ది నెలల ముందే మా విమానాలన్నీ మారిపోయాయి. నూనె ఇంజన్లు పోయి బ్యాటరీ మోటార్లు వచ్చాయి. కొత్త రకం రిసీవర్లు వచ్చాయి. మోటారు విమానం వణకదు. అయినా నేను స్పాంజి చుట్టాను. చుట్టొద్దని ఎవరూ అనలేదు. చెప్పినా వినేదాన్ని కాదు.

ఎండలు ముదిరాక మొదటి విమానం పడింది.

ఊరికి ఉత్తరాన, ఉప్పు మడులు మొదలయ్యే చోట ఒక బీడు నేల ఉంది. ఆదివారాలు మేమంతా చేరేది అక్కడే. ఒకే ఒక వేపచెట్టు, దాని కింద మజ్జిగ అమ్మే ఒకావిడ. ఆ రోజు పదకొండు దాటాక ఒక కాలేజీ విమానాన్ని అన్న పైకి తీశాడు. బాగానే తిరిగింది. ఉన్నట్టుండి మోటారు శబ్దం ఆగింది. విమానం తిరగాల్సిన చోట తిరగకుండా, ఎవరో పిలిచినట్టు నేరుగా పోయి ఉప్పు మడిలో దిగబడింది.

"మాట వినలా" అన్నాడు అన్న. "ఎడంపక్కకి తిప్పినా. తిరగలా."

"అది వినలేదా, నీకు కనబడలేదా అన్నా? ఒక కన్ను ఆస్పత్రిలో మర్చిపోయి వచ్చుంటావు. దా, పోయి తెచ్చుకుందాం" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు విరగబడి నవ్వారు. అన్న కూడా నవ్వాడు. 

రిసీవర్‌ను షాపుకి తెచ్చి, స్పాంజి విప్పి, బల్ల మీద ఫ్యాను కింద పెట్టి బ్యాటరీ తగిలించాను. చక్కగా పనిచేసింది. ట్రాన్స్‌మిటర్ పట్టుకుని మేడ దిగి సందు చివరిదాకా పోయాను. అక్కడినుంచి చెప్పినా వింది. "రిసీవర్‌లో ఏమీ లేదు మొదలాళీ" అని చెప్పేశాను. మొదలాళి జవాబుగా తన కుడి కన్ను ఒకసారి మూసి తెరిచాడు.

రెండు వారాలకు రెండోది పడింది. అదే తీరు. శబ్దం ఆగింది, నేరుగా పోయింది, పడింది. మళ్ళీ బల్ల, మళ్ళీ ఫ్యాను, మళ్ళీ "ఏమీ లేదు మొదలాళీ". ఈలోగా నా జోకు మైదానమంతా తిరిగింది. అన్న వస్తుంటే "కన్ను దొరికిందా అన్నా?" అని పలకరించేవాళ్ళు. అందులో కొందరు నాకు పేరైనా తెలియనివాళ్ళు.

అన్న పాపం పంతం పట్టాడు. పొద్దున ఆరింటికే మైదానానికి పోయి, ఒంటరిగా, అదే విమానాలు ఎగరేసి చూసుకున్నాడు. వారం రోజులు ఒక్కటీ పడలేదు. "చూడుమా, పొద్దున బాగుండాది" అన్నాడు నాతో. నేను, మొదలాళి, నలుగురు కస్టమర్లు కూర్చుని దీన్ని తీవ్రంగా ఆలోచించాం. పొద్దున వెలుతురు మెత్తగా ఉంటుంది, ఆపరేషన్ కన్ను తట్టుకుంటుంది. పదకొండింటికి ఎండ కళ్ళలో కొడుతుంది, ఆ కన్ను చెదిరిపోతుంది. అదీ మేం తేల్చింది. అంత తెలివిగా తప్పు ఆలోచించడం ఎనిమిదో తరగతితో ఆగిన నాకొక్కదానికే చేతనవుననుకున్నాను. ఆ నలుగురూ ఇంజనీర్లు.

మూడోది పడింది అందరి ముందూ.

ఎగరేసేవాళ్ళ సంఘం వార్షికోత్సవం. మైదానంలో షామియానా వేశారు. ముఖ్య అతిథి వచ్చాడు. కత్తిరి ఎండలు, అంటే మద్రాసులో నెత్తి మాడ్చే మే నెల ఎండలు. గాలి లేదు. మా విమానం నల్లరంగుది, పైన మెరిసే గీతలు. చూడడానికి బాగుంటుందని నేనే ఆ రంగు చెప్పాను. విమానం పైకి పోయేముందు మేం చేసే పద్ధతి ఒకటుంది. వేపచెట్టు నీడలో పెట్టి, మూత తీసి, బ్యాటరీ తగిలించి, దూరంగా పోయి రిసీవర్ వింటోందో లేదో చూస్తాం. వింటే మూత వేసి, చుట్టూ టేపు అంటించి, ఎండలో వరసలో పెడతాం. టేపు అంటించాక మళ్ళీ తెరవకూడదని రివాజు. ఎందుకని ఎవరినీ అడగలేదు. ముఖ్య అతిథి మాట్లాడుతూనే ఉన్నాడు. విమానాలు మన సంస్కృతిలో ఎప్పుడో ఉన్నాయన్నాడు. మా విమానం అంతసేపూ ఎండలో, కడుపులో బ్యాటరీ నడుస్తూ, నిలబడే ఉంది.

చివరికి అన్న దాన్ని పైకి తీశాడు. రెండు చుట్లు తిప్పాడు, జనం చప్పట్లు కొట్టారు. మూడో చుట్టులో శబ్దం ఆగింది.

విమానం ఈసారి ఉప్పు మడుల వైపు లేదు. మా వైపు ఉంది. అన్న ట్రాన్స్‌మిటర్‌ను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని దాని మీది చిన్న కర్రలు అటూ ఇటూ తిప్పుతున్నాడు. "తిరుగు, తిరుగు" అంటున్నాడు, గొంతు కూడా పెంచకుండా. అది షామియానా అంచు దాటి, వేపచెట్టు వైపు, చప్పుడు లేకుండా జారుతూ వచ్చింది. మజ్జిగావిడ కుండలోకి వంగి ఉంది. రెక్క ఆవిడ వీపు మీదుగా, చీర తగిలీ తగలకుండా పోయి, పక్కనున్న రెండో కుండను ముక్కలు చేసింది. మోటారు ముందు తిరిగే పుల్ల విరిగి చెట్టు మానులో దిగింది.

ఆవిడ వంగినది వంగినట్టే ఉండిపోయింది. నేను నేల మీద ఎర్రగా ఏదైనా కనబడుతుందేమోనని చూస్తున్నాను.  తెల్లగా మజ్జిగ మాత్రం పారుతోంది, మట్టిలోకి ఇంకుతోంది.  ముఖ్య అతిథి మెడలో దండ ఉంది, ఆయన కూడా కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉన్నాడు.

ముందు కదిలింది అన్నే. ఆవిడ దగ్గరికి పోయి చేతులు జోడించాడు. ఆవిడ నెమ్మదిగా నిటారుగా నిలబడి, ఆయన ముఖం చూసి, తమిళంలో అంది, "ఆస్పత్రిలో మర్చిపోయిన కన్ను తెచ్చుకుని రా అయ్యా. తర్వాత ఎగరేద్దువు."

ఆవిడ నవ్వడం లేదు. ఎవరూ నవ్వలేదు. ఆ మాట నాదని ఆవిడకు తెలియదు. అన్నకు తెలుసు.

ఆయన ట్రాన్స్‌మిటర్ తెచ్చి నా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టాడు. "ఇంక నేను ముట్టనుమా" అన్నాడు.   నా ముఖం చూడకుండానే, స్కూటర్ కూడా అక్కడే వదిలేసి బస్సెక్కి పోయాడు.

నేను షాపుకి పోయి రిసీవర్ బల్ల మీద పెట్టాను. ఫ్యాను కింద. ఏమీ లేదు.

ఆ వారమే ఒకమ్మాయి వచ్చింది. కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది. తన చిన్న విమానం రిపేరుకి ఇచ్చింది, తీసుకుపోవడానికి వచ్చింది. షాపులో నన్ను అందరూ అక్క అంటారు. ఆంటీ అనే ధైర్యం ఈ అమ్మాయికొక్కదానికే.

"ఆంటీ, ఆ రోజు ముక్కలు ఏరింది నేనేనండి" అంది. "ఒకటి అడుగుతాను, కోప్పడకండి. స్పాంజిలోంచి ఆ డబ్బా లాగుతుంటే చెయ్యి చుర్రుమందండి."

"కత్తిరి ఎండలో పడినది కాలకుండా చల్లగా ఉండడానికి అదేమన్నా కుల్ఫీనా?" అన్నాను.

"అదేనండి నాకూ అర్థం కానిది. ఎండలో పడున్న నల్ల రెక్కని కూడా పట్టుకున్నానండి. అది అంత కాల్లేదు. స్పాంజిలో దాక్కున్నదే ఎక్కువ కాలింది."

నేను ఇంకో జోకు వెతుక్కునేలోపే ఆ అమ్మాయి విమానం తీసుకుని పోయింది. మధ్యాహ్నం దాకా నేను ఒక అతుకు కూడా సరిగా వేయలేకపోయాను.

మర్నాడు శుక్రవారం. అదే నల్ల విమానానికి జోడీది ఒకటి షాపులో ఉంది. దానిలో అదే రకం రిసీవర్ పెట్టి, నేను రోజూ చుట్టినట్టే చుట్టాను, ఒక్క మడత తగ్గించకుండా. మూత వేశాను, టేపు అంటించాను. పన్నెండింటికి మేడ పైకి పట్టుకుపోయి నడి ఎండలో పెట్టి, గొడుగు వేసుకుని ఎదురుగా నిలబడ్డాను. ట్రాన్స్‌మిటర్ కర్ర కదిపితే తోక అటూ ఇటూ ఊగుతోంది. పక్క మేడ మీద వడియాలు ఎండబెట్టుకుంటున్న ముసలావిడ, "ఏం చేస్తా ఉండావు?" అంది. "విమానానికి సూర్య నమస్కారాలు నేర్పిస్తా ఉండా" అన్నాను.

తోక ఊగుతూనే ఉంది. నాకు ధైర్యం వచ్చింది. ఇంకాసేపు చూసి కిందికి పోయి, ఆ అమ్మాయి మళ్ళీ వస్తే ఏమని ఆటపట్టించాలో కూడా ఆలోచించుకున్నాను. మాట సిద్ధమైంది కూడా.

తోక ఆగింది.

కర్ర అటు తిప్పాను, ఇటు తిప్పాను. ట్రాన్స్‌మిటర్ మీద దీపం వెలుగుతూనే ఉంది. విమానం నా ఎదురుగా, పది అడుగుల దూరంలో ఉంది. అది వినడం లేదు. టేపు చించి, మూత లాగి, స్పాంజి విప్పాను. వేలు చురుక్కుమని కాలింది, చేతిలోది జారిపోయింది. రిసీవర్ వైర్లకు వేలాడుతూ గాలికి ఊగింది. నేను దాన్నే చూస్తూ కింద కూర్చున్నాను. ఆ నేల ఎంత కాలుతోందో నాకు సాయంత్రం దాకా తెలియలేదు. కాసేపటికి, ఎవరూ ముట్టుకోకుండానే, తోక ఒకసారి అదిరింది. తర్వాత కర్ర చెప్పినట్టు ఊగడం మొదలుపెట్టింది, ఏమీ జరగనట్టు.

అర్థమైంది కదా. కొత్త రిసీవర్ పనిచేసేటప్పుడు దాని వేడి దానికే పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాలి. పక్కనే మోటారుకు కరెంటు పంచే ముక్క ఉంటుంది, దాని వేడి వేరే. పైన నల్ల మూత, ఆ పైన మద్రాసు ఎండ. మధ్యలో నా స్పాంజి, వేలు దూరే సందు కూడా లేకుండా. రిసీవర్‌కు స్పృహ తప్పేది. పడగానే మూత ఊడి గాలి తగిలేది. మైదానం నుంచి షాపుకి వచ్చేసరికి చల్లబడేది. నేను ఫ్యాను కింద పెట్టి బాగుందనేదాన్ని. నీడలో, మూత తీసి పరీక్ష చేసేదాన్ని. పొద్దున ఆరింటికి అన్న చేతిలో పడకపోవడానికి కారణం కూడా అదే, అప్పటికి ఎండ లేదు. మూడుసార్లూ ఆయన తిప్పాడు. అది వినలేదు. ఆయన ప్రతిసారీ నాకు అదే చెప్పాడు.

మళ్ళీ పెట్టి చూశాను. ఈసారి స్పాంజి లేకుండా, మూతకు ముందూ వెనకా కన్నాలు పెట్టి. సాయంత్రం ఎండ దిగేదాకా తోక ఊగుతూనే ఉంది. 

మొదలాళికి చెప్పాను. ఆయన స్పాంజి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సరి, స్పాంజి తీసెయ్ అక్కా. కన్నం పెట్టు. అంతే" అన్నాడు తర్వాత.

"అన్నకి?"

"ఆయనే కదా ముట్టనన్నాడు, మనం పొమ్మన్లా. ఇప్పుడు పోయి మన షాపులోదే తప్పంటే ఏమైతాది? ఆ ఆడమనిషి మీద పడుంటే? రేపు ఎవరు వస్తారు మన దగ్గరికి?"

ఇక్కడ మొదలాళి మీద నెట్టేసి తప్పించుకోవచ్చు. నెట్టను. ఆయన ఆ మాట అన్నప్పుడు నాకు కలిగింది కోపం కాదు, హాయి. స్పాంజి తీసేస్తే విమానాలు పడవు. కొత్త మనిషి ఎవరైనా ఎగరేస్తాడు. చూశారా, ఆ కన్నే కారణం అని అందరూ అనుకుంటారు. నేను నోరు విప్పనక్కర్లేదు. శనివారం గడిచింది, ఆదివారం గడిచింది, సోమవారం కూడా. నేను తిన్నాను, పడుకున్నాను, పనికి పోయాను. నా గురించి నేను అదిరిపోయింది మేడ మీద కాదు, ఆ మూడు రోజుల తర్వాత వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు.

మంగళవారం మధ్యాహ్నం వాషర్‌మెన్‌పేట్ పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. కారణం ఉంటే శుక్రవారమే పోయేదాన్ని.

ఇంటి ముందు స్కూటర్ ఉంది, ఎవరో మైదానం నుంచి తెచ్చి ఇచ్చినట్టున్నారు. దాని మీద పాత దుప్పటి కప్పి, తాడుతో కట్టి ఉంది. అన్న లోపల ఉన్నాడు. వాళ్ళావిడ మాత్రల అట్ట మీది తేదీ చదివి చెప్తోంది.

"నువ్వే చదువుకోవచ్చు కదా అన్నా" అన్నాను.

"చదివినా నమ్మకం లేదుమా. ఒకటికి రెండు తూర్లు ఈమె చేత చదివించుకుంటా ఉండా."

"రోడ్డు దాటాలన్నా నా మోచెయ్యి పట్టుకుంటాడు" అంది వాళ్ళావిడ. "కంటి డాక్టర్ దగ్గరికి మళ్ళీ పోయినాం. బాగుండాది అంటాడు."

"ఆయనకేం, అంటాడు" అన్నాడు అన్న. "ఆ యమ్మ వంగి ఉండింది కాబట్టి సరిపోయింది. నిలబడి ఉంటే?"

నేను సంచీలోంచి రిసీవర్ తీసి, స్పాంజి తీసి, రెండూ ఆయన ముందు పెట్టాను. మొదటినుంచి చివరిదాకా చెప్పాను.  వాళ్ళావిడ చేతిలో మాత్రల అట్ట అలాగే ఉంది.

"ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"శుక్రవారం."

ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. దూరం నుంచే చూశాడు, చదివాడు.

"నాలుగు దినాలు నేను ఈడ గుడ్డివాడి మాదిరి కూర్చోనుండా. నువ్వు ఆడ ఏం చేస్తా ఉండావు?"

నేను స్పాంజీ రిసీవరూ మళ్ళీ సంచీలో వేసుకున్నాను.

"నాకు చెప్తే ఏం లాభం" అన్నాడు చివరికి. "నవ్వించింది ఆడ. ఆడే చెప్పు."

మొదలాళి వద్దన్నాడు. "షాపు నీది మొదలాళీ, స్పాంజి నాది" అన్నాను. అంతకన్నా ఆయన ఆపలేదు. పైగా ఆదివారం తనే వ్యానులో నన్నూ విమానాన్నీ ఎక్కించుకుని తీసుకుపోయాడు. అన్న మళ్ళీ ఎగరేశాడా అని మీరు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నాను. ఎగరేశాడు, నేను మానేసేదాకా ఎగరేశాడు. మా ఇద్దరి మధ్య మాటలు కూడా నడిచాయి, పనికి సరిపడా. నేను మళ్ళీ ఆయన్ని ఆటపట్టించలేదు. అలవాటున్న మనిషికి అది తేలిక కాదు.

ఆ ఆదివారం పదకొండింటికి మైదానంలో అందరూ ఉన్నారు. అన్న బస్సులో వచ్చి, అందరికన్నా వెనక, వేపచెట్టు కింద నిలబడ్డాడు. నేను మధ్యలోకి పోయి చెప్పాను. మూడు విమానాలూ పడింది అన్న కన్ను వల్ల కాదు, నా వల్ల. రిసీవర్లను నేను గాజుల పెట్టెల్లాగ ప్యాక్ చేశాను, అవి లోపల ఉడికిపోయాయి.

అందరూ నవ్వారు.

ఇంత కాలం నా మాటకు ఎన్నిసార్లు నవ్వారో, అన్నిటికన్నా ఎక్కువ నవ్వారు. "గాజుల పెట్టె" అని ఒకడు పక్కవాడి వీపు చరిచాడు. "అక్కా, ఇడ్లీ పాత్రలో పెట్టి ఉంటే ఇంకా బాగా ఉడికేవి" అన్నాడొకడు. నిజంగా చెప్తున్నానంటే ఇంకా నవ్వారు. నా ముఖం చూసి నవ్వారు. ముప్ఫై ఏళ్ళుగా నేను వాళ్ళకు నేర్పించింది అదే. ఆ కాకినాడ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. నేను వెనక్కి చూడలేకపోయాను, అన్న ముఖం ఎలా ఉందోనని.

ఇంక మాట్లాడలేదు. నల్ల విమానాన్ని ఎండలో పెట్టాను. రిసీవర్‌కు స్పాంజి రెండు మడతలు వాళ్ళ ముందే చుట్టి, మూత వేసి, టేపు అంటించాను. ట్రాన్స్‌మిటర్ కాకినాడ అమ్మాయి చేతికిచ్చి, తోక ఊపుతూ ఉండమన్నాను. ఊగింది. జనం కాసేపు చూసి చెదిరిపోబోయారు. మొదలాళి, ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "ఎవరూ కదలొద్దు, నిలబడండి" అన్నాడు. నిలబడ్డారు. ఎండలో, నీడ లేకుండా, విమానంతో పాటే నిలబడ్డారు. ముందు జోకులు ఆగాయి, తర్వాత మాటలు ఆగాయి.

తోక ఆగింది. అమ్మాయి కర్రలు రెండూ చివరిదాకా తిప్పి, చేతులు పైకెత్తి అందరికీ చూపించింది. తోక కదల్లేదు.

మజ్జిగావిడ చెట్టు కింద నుంచి లేచి వచ్చింది. ఏం జరిగిందని పక్కవాణ్ణి అడిగింది. వాడు తమిళంలో చెప్పాడు. "అయితే ఆ మనిషి కన్ను?" అంది ఆవిడ. వాడు తల దించుకున్నాడు.

అప్పుడు అన్న జనంలోంచి ముందుకు వచ్చాడు. నన్ను దాటుకుని విమానం దగ్గర కూర్చున్నాడు. టేపు చించాడు, మూత తీశాడు, స్పాంజి విప్పాడు. రిసీవర్ మీద నాలుగు వేళ్ళు ఆనించాడు. తీయలేదు.

"కాలుతుంది అన్నా. తియ్" అన్నాను.

"కాలనీయ్‌మా."

నేను ఆయన మణికట్టు పట్టుకుని లాగాను. క్రేన్ నడిపిన చెయ్యి, రాలేదు. నుదుటి మీద చెమట కారి ఆ కుడి కంట్లోకి దిగుతోంది. ఆయన రెప్ప కొట్టకుండా రిసీవర్‌నే చూస్తున్నాడు. దాని మీద చీమలంత అక్షరాలేవో ఉంటాయి, వాటిని పెదవులు కదిలిస్తూ చదివాడు, మొదటినుంచి చివరిదాకా.

"కన్ను బాగానే ఉండాది" అన్నాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

అప్పుడు చెయ్యి తీశాడు.